పన్ను తీసిన రోజే ఇంప్లాంట్... స్కాన్ తప్పదా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తున్నాను. పై దవడలో ఎడమవైపు దవడ పన్నుకు ఎప్పుడో రూట్ కెనాల్ చేయించాను. ఇప్పుడది నిలువునా చీలింది. పన్ను తీసి, వీలైతే అదే రోజు ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను వేరు) పెడతామంటూ డాక్టర్ సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే) స్కాన్ రాశారు. ఓపీజీ (పళ్లన్నీ ఒకే చిత్రంలో కనిపించే) ఎక్స్‌రే ఇప్పటికే ఉంది కదా, మళ్లీ స్కాన్ ఎందుకు? రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. షుగర్ లేదు. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: స్కాన్ తీయించుకోండి. మీ డాక్టర్ సరిగ్గానే రాశారు.

పై దవడ పన్నుకు సాధారణంగా మూడు వేళ్లు (రూట్స్) ఉంటాయి. రెండు చెంప వైపు, ఒకటి అంగిలి వైపు. ఓపీజీలో ఇవి ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. ఎముక ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది గానీ మందం తెలియదు. సీబీసీటీలో అదే ఎముకను పల్చటి పొరలుగా, ఏ వైపు నుంచైనా చూసి మిల్లీమీటర్లలో కొలవొచ్చు.

ముఖ్యంగా కొలవాల్సింది ఆ మూడు వేళ్ల నడుమ ఉండే ఎముక దిమ్మను. పన్ను తీశాక మూడు గుంటలు, మధ్యలో ఈ దిమ్మ మిగులుతాయి. ఇంప్లాంట్ స్క్రూ బిగుసుకోవాల్సింది అందులోనే. దిమ్మ వెడల్పుగా ఉంటే స్క్రూ చుట్టూ ఎముకే ఉంటుంది, అదే రోజు పెట్టడానికి ఇంతకన్నా అనువైన స్థితి లేదు. కాస్త సన్నగా ఉంటే పట్టు దొరుకుతుంది గానీ పక్కన మిగిలే ఖాళీలో సాధారణంగా బోన్ గ్రాఫ్ట్ (ఎముక పెరగడానికి వేసే పదార్థం) నింపుతారు. వేళ్లు దగ్గరగా కలిసిపోయి దిమ్మే లేకపోతే, గుంట గోడలను పట్టుకునేంత లావు స్క్రూ వేసేవారున్నారు. నేనైతే గుంట మానేదాకా మూడు నాలుగు నెలలు ఆగమంటాను.

మీ పన్ను చీలింది కాబట్టి ఇంకో సంగతీ చూడాలి. చీలిక వెంబడి చెంప వైపు ఎముక కరిగిపోవడం మామూలే. ఆ గోడ పోతే అదే రోజు పెట్టే ఆలోచన చాలావరకు మానుకోవాలి. పాత క్యాప్, రూట్ కెనాల్ ఫిల్లింగ్ వల్ల స్కాన్‌లో చారలు పడి చీలిక గీత కనిపించకపోవచ్చు. ఎముక పోయిన తీరు మాత్రం చాలాసార్లు దొరికిపోతుంది.

ఈ పన్ను పైన సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) ఉంటుంది. కొందరిలో వేళ్ల కొనలు దాని అడుగును తాకుతాయి. మీరు రోజూ మిరపకాయల ఘాటులో ఉంటారు కాబట్టి ముక్కు దిబ్బడ, తుమ్ములు ఉంటే ముందే చెప్పండి. సైనస్ పొర వాచి ఉంటే ఆ వాపు పన్ను ఇన్ఫెక్షన్ వల్లా, అలర్జీ వల్లా అన్నది తేల్చాలి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు యార్డుకు సెలవు పెట్టండి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి, ముక్కు గట్టిగా చీదొద్దు.

రేడియేషన్ ఆస్పత్రిలో తీసే మామూలు సీటీ కన్నా సాధారణంగా బాగా తక్కువే. మొత్తం తల కాకుండా ఆ పన్ను చుట్టుపక్కల వరకే తీయమని అడగండి, ఇంకా తగ్గుతుంది.

స్కాన్ బాగున్నా ఆఖరి మాట పన్ను తీశాకే. పీకేటప్పుడు ఆ దిమ్మ విరగొచ్చు. అందుకే పన్నును ముక్కలుగా కోసి, వేళ్లను విడివిడిగా తీయడం మేలు. స్క్రూకు గట్టి పట్టు దొరక్కపోతే ఆ రోజుకు ఆపేస్తారా అని డాక్టర్‌ని ముందే అడగండి. సిగరెట్ అలవాటుంటే ఇప్పుడే మానేయండి.