కుక్కకు మోషన్స్ పట్టుకుంటే ముందు చిగుళ్లు చూడు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న దీవెనలు.

కుక్కకు మోషన్స్ అనగానే మెడికల్ షాపుకు పరుగెత్తకు. దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడు. తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. మెడ మీది చర్మం లాగి వదిలినప్పుడు వెంటనే సర్దుకోకపోయినా అంతే. ముసలి కుక్కల్లో, బాగా చిక్కినవాటిలో మాత్రం ఆ చర్మం పరీక్షను నమ్మకు, వాటికి ఎప్పుడూ వదులే. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలు. మనకు జ్వరమనిపించే అంకె దానికి ఆరోగ్యమే.

తర్వాత విరేచనం చూడు. అసహ్యించుకోకు, సగం సంగతి అక్కడే తెలుస్తుంది. రోజుకు మూడు నాలుగుసార్లే అయినా నీళ్లలా బోలెడు పోతుంటే చిన్నపేగులో తేడా. కొంచెం కొంచెంగా, పదేపదే ముక్కుతూ, జిగురుతో, ఎర్రటి రక్తపు చారతో పోతుంటే పెద్దపేగులో. చూడ్డానికి ఈ రెండోదే భయపెడుతుంది గానీ, ఒంట్లో నీరు లాగేసేది ఎక్కువగా మొదటిదే. తారులా నల్లగా ఉంటే పొట్టలోనో పై పేగుల్లోనో రక్తం కారుతుండొచ్చు. ఐరన్ టానిక్ పోస్తున్నా నల్లగానే వస్తుంది, అది ముందు గుర్తుచేసుకో. కుక్కపిల్లలో నల్లటి విరేచనానికి పాలిపోయిన చిగుళ్లు తోడైతే రక్తం పీల్చే కొంకి పురుగులేమో (హుక్‌వార్మ్) చూడాలి.

టీకాలు పూర్తికాని పిల్ల తిండి ముట్టకుండా, వాంతులు చేసుకుంటూ, కుళ్లు వాసనతో రక్త విరేచనాలు పోతుంటే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బే అనుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, అదీ ఆ పూటే. కిట్ పరీక్ష మొదట్లో నెగెటివ్ రావొచ్చు. ఈమధ్యే టీకా వేసుంటే ఊరికే పాజిటివ్ చూపొచ్చు. పెద్ద కుక్కకు, ముఖ్యంగా చిన్న జాతులకు, హఠాత్తుగా జామ్ లాంటి రక్త విరేచనం మొదలైనా ఆగకూడదు. నీరంతా పేగుల్లోకి పోయి రక్తం చిక్కబడుతుంది. దానికి సెలైనే ప్రాణం, గోళీలు కాదు. పదేపదే వాంతులు, పొట్ట ముడితే నొప్పి, మామిడి టెంకో ఎముకో మింగిందన్న అనుమానం ఉన్నా ఇంట్లో వైద్యం పెట్టుకోకు.

ఇవేవీ లేకుండా, టీకాలన్నీ పడ్డ పెద్ద కుక్క హుషారుగా ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. రోజంతా కడుపు మాడ్చే పాత పద్ధతి వద్దు, పేగు పొరకు బలం తిండి నుంచే రావాలి. తోలు తీసి ఉడికించిన చికెన్ ఒక వంతు, మెత్తటి అన్నం రెండు వంతులు. ఉప్పు, కారం, నూనె వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. ఐదారు సార్లుగా పెట్టు. గట్టిపడ్డాక మూడు రోజుల్లో మెల్లగా పాత తిండికి మార్చు. పాలు ఆపెయ్. మనవాళ్లకు అన్నిటికీ పెరుగన్నమే మందు కదా, అలవాటున్న కుక్కకు రెండు చెంచాల పెరుగు ఫర్వాలేదు, గిన్నెడు కాదు.

ఓఆర్ఎస్ పొడి పొట్లం లీటరు నీళ్లలో కలుపు. పది కిలోల కుక్కకు రోజుకు మామూలుగానే 500 నుంచి 600 మిల్లీలీటర్ల నీరు కావాలి, పోయింది దానికి అదనం. పావుగంటకోసారి రెండు మూడు చెంచాలు గిన్నెలో పోసి దాన్నే నాకనివ్వు. సిరంజితో గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మెట్రోనిడజోల్, నార్‌ఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ సొంతంగా వెయ్యకు. మామూలు మోషన్స్‌కు యాంటీబయాటిక్ అక్కర్లేదని 2024లో యూరప్ పశువైద్యుల మార్గదర్శకాలు కూడా చెప్పాయి; పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా దాంతో పోతుంది. మోషన్స్ కట్టేసే లోపెరమైడ్ కోలీ లాంటి జాతుల్లో మెదడు మీద పనిచేస్తుంది. నొప్పికని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వేస్తే పొట్టలో పుండ్లు పడి అసలుకే మోసం వస్తుంది.

నులిపురుగుల మందు బాకీ ఉంటే ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున, అంటే పది కిలోల కుక్కకు 500, వరసగా మూడు రోజులు. కుక్కను తూచాకే వెయ్యి. రెండు రోజుల్లో తగ్గకపోతే తాజా విరేచనం చిన్న డబ్బాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉంటే అప్పుడు బయటపడుతుంది.

పార్వో తేలితే నేల ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచు. ఫినాయిల్‌కు ఆ వైరస్ చావదు, నెలల తరబడి అక్కడే ఉంటుంది. టీకాలు పూర్తికాని కొత్త పిల్లను ఆ ఇంట్లోకి తేవద్దు.