రైఫిల్ పేల్చేవారికి చెవి కొలత ప్లగ్గులు అవసరమే, కానీ చెవి అచ్చు ఎవరు తీస్తున్నారో చూసుకోండి

“నెలకు రెండుసార్లు సరదాగా రైఫిల్ రేంజికి, అంటే గురి సాధన చేసే చోటికి వెళ్తాను. చెవి కొలతకు చేయించుకునే ప్లగ్గుల మీద అంత డబ్బు పెట్టాలా, చెవులను పైనుంచి కప్పే మామూలు ఇయర్‌మఫ్‌లు చాలవా?” అని మీరు అడిగారు.

రైఫిల్ అయితే పెట్టాలి. పిస్తోలు మాత్రమే పేల్చేవారికి మంచి మఫ్‌లు, లోపల ఫోమ్ ప్లగ్గులు సరిపోతాయి. రైఫిల్‌కు చెంపను స్టాకుకు, అంటే తుపాకీ వెనక భాగానికి, ఆనించాలి కదా, అప్పుడు మఫ్ అంచు దానికి తగిలి పైకి లేస్తుంది. నాలాంటి కళ్లజోడు వాళ్లకైతే కాడ కింద ముందే ఒక సందు ఉంటుంది. అలాగని కొలతకు చేయించినవన్నీ మంచివే అనుకోకండి. ఆ సంగతి నా ఎడమ చెవికి బాగా తెలుసు.

నేను డాలస్ దగ్గర ఉంటాను. కొన్నేళ్ల కిందట ఒక తుపాకుల ప్రదర్శనలో ఒకతను చెవిలో ముద్ద పెట్టి, అది గట్టిపడగానే తీసి, అక్కడికక్కడే ప్లగ్గులు చేసి చేతిలో పెట్టాడు. ముద్ద ఆరేదాకా నోరు మూసుకొని కదలకుండా కూర్చోమన్నాడు. అద్దంలో చూసుకుంటే చక్కగా అమరినట్లే కనిపించాయి.

ఆ ఆగస్టులో రేంజికి వెళ్లాం. మండుటెండ, రేకుల షెడ్డు కింద వరసగా బెంచీలు. నా ఎడమ పక్క బెంచీలో ఒకాయన .308 రైఫిల్‌తో ఉన్నాడు, బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ బిగించి ఉంది. తుపాకీ వెనక్కి గట్టిగా తన్నకుండా పేలుడు వాయువును పక్కలకు చిమ్మే పరికరం అది. పేల్చేవాడి భుజానికి హాయి, పక్కవాడి చెవికి చావు. మంచినీళ్లు కావాలా అని నా మిత్రుడు సైగ చేశాడు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. అచ్చు నోరు మూసుకొని ఉండగా తీసింది కదా, దవడ కదలగానే ఎడమ ప్లగ్గు వదులై, చెవిలోకి గాలి తగిలింది. చెయ్యి పైకెత్తేలోగా పక్కాయన పేల్చాడు. గూబ గుయ్యిమంది. ఆ తరువాత అందరి మాటలూ నీళ్ల అడుగునుంచి వస్తున్నట్లు వినిపించాయి. రాత్రి పడుకుంటే చెవిలో కీచురాళ్లు. మర్నాడు గుంటూరు నుంచి అమ్మ ఫోను చేస్తే అలవాటుగా ఎడమ చెవికి పెట్టుకున్నాను. “పలకవేమిరా?” అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలియదు.

పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటితే ఒక్కటే చాలు, చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. .22 రైఫిలే ఆ దరిదాపుల్లో ఉంటుంది, మజిల్ బ్రేక్ బిగించిన .308 అయితే 160 దాటుతుంది. లోపలి చెవిలో చనిపోయిన కణాలు తిరిగి మొలవవు. నా వినికిడి పరీక్ష కాగితం మీద 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర, గీత గోతిలోకి జారినట్లు దిగిపోయింది. కుడిచేతి వాటంతో రైఫిల్ పేల్చేవారికి ఎడమ చెవే బ్యారెల్ వైపు ఉంటుంది కాబట్టి అదే ముందు పాడవుతుందని ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలు, చెప్పారు.

రెండో జత ఆవిడ దగ్గరే చేయించాను. ముందు చెవిలో గుబిలి ఉందేమో చూసి శుభ్రం చేశారు. దారం కట్టిన చిన్న దూది ఉండను చెవి గొట్టంలో రెండో వంపు దాటేదాకా పెట్టి, పళ్ల మధ్య ఒక దిమ్మ ఇచ్చి నోరు తెరిచే ఉంచమన్నారు. గొడుగు చేతికిచ్చి రైఫిల్‌లా పట్టుకొని చూపించమన్నారు. అప్పుడే సిలికాన్ నింపారు. ప్లగ్గులు వచ్చాక, అవి పెట్టుకున్నప్పుడూ తీసేసినప్పుడూ నాకు ఎంత సన్నటి శబ్దం వినిపిస్తోందో కొలిచారు. కుడిది 28 డెసిబెల్స్ ఆపింది, ఎడమది 21 మాత్రమే. ఎడమదాన్ని వెనక్కి పంపి మళ్లీ చేయించారు. ఈ కొలత తీయనివారికి ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. పెట్టె మీద ముద్రించిన ఎన్‌ఆర్‌ఆర్ అంకె (శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పేది) ప్రయోగశాలలో ఎవరి చెవుల మీదో కొలిచి లెక్కగట్టినది. మీ చెవి సంగతి దానికి తెలియదు.

పాటలు వినే ఇయర్‌ఫోన్లు పెట్టుకొని రేంజికి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన పెళ్లిళ్ల డీజేల మీదా అంతే కోపం. కిందటేడు మేనకోడలి పెళ్లిలో స్పీకరు ఎదుటే ఊయలలో పసిపాపను పడుకోబెట్టారు. నేనే వెళ్లి ఊయల జరిపించాను. పెళ్లివారు నొచ్చుకున్నారు, నొచ్చుకోనివ్వండి.

ఇక మీరు కొనేటప్పుడు మెత్తటి సిలికాన్‌వే అడగండి, దవడతోపాటు అవీ కాస్త కదులుతాయి. గట్టి యాక్రిలిక్‌వి వద్దు. పైకప్పు ఉన్న రేంజిలోనైనా, పక్కన మజిల్ బ్రేక్ కనిపించినా వాటి మీద మఫ్‌లు కూడా పెట్టుకోండి. రెండూ కలిస్తే అదనంగా వచ్చేది 5 డెసిబెల్స్ దాకానే అయినా, ప్లగ్గు జారిన రోజున మఫ్ ఉంటుంది. ఆ ఆగస్టులో నాకు లేనిది అదే.