తెలుగు పీడీఎఫ్‌ను టాక్‌బ్యాక్ పిచ్చిపిచ్చిగా చదువుతుంటే

తప్పు టాక్‌బ్యాక్‌ది (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీది రాతను చదివి వినిపించే సదుపాయం) కాదండి, ఫాంట్‌ది. మీ కాలనీ సర్క్యులర్ కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తూ, చూపులేని సభ్యులకు గజిబిజి ఇంగ్లీషులా వినిపిస్తోందంటే దాదాపుగా అది అను ఫాంట్లలో కొట్టిందే. చిక్కడపల్లి డీటీపీ షాపుల్లో మా పనులకూ అదే వాడేవారు. లోపల ఉండేది ఇంగ్లీషు కోడ్, పైన తెలుగు బొమ్మ.

1. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. చిత్రమైన గుర్తులు వస్తే అదే జబ్బు. అసలు సెలెక్టే కాకపోతే స్కాన్ చేసిన బొమ్మ. మళ్లీ టైపు చేయించాలి.

2. షాపులో పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు అడిగి తీసుకుని, మ్యాటర్‌ను అను నుంచి యూనికోడ్‌కు (తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉండే పద్ధతి) కన్వర్టర్‌తో మార్చండి.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. వర్డ్‌లో ఫాంట్ పేరు గౌతమి (ఒక యూనికోడ్ తెలుగు ఫాంట్) అని మారిస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు, కోడే మారాలి. మార్చాక తిరిగి పేజ్‌మేకర్‌లో పెట్టకండి, దానికి యూనికోడ్ రాదు. ఒత్తులు, అంకెలు ఒకసారి కళ్లతో సరిచూడండి; కన్వర్టర్లు తప్పేది అక్కడే.

3. మళ్లీ పీడీఎఫ్ చేయకుండా మ్యాటర్‌ను నేరుగా వెబ్ పేజీలో పెట్టండి. యూనికోడ్‌తో చేసినా పీడీఎఫ్‌లో ఒత్తులు ఒక్కోసారి చెల్లాచెదురవుతాయి.

4. పేజీ కోడ్‌లో భాష (lang) దగ్గర 'ఈఎన్' (en, అంటే ఇంగ్లీషు) ఉంటే 'టీఈ' (te, అంటే తెలుగు) చేయండి.

ఇంకా పలకకపోతే ఆ ఫోన్‌లో టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌కెళ్లి తెలుగు గొంతు డౌన్‌లోడ్ అయిందో లేదో చూడండి.