‘టు’కీ ‘బై’కీ మధ్య తొమ్మిది ప్రాణాలు

ప్రశ్న: తుపాను నష్టంపై ఇంగ్లిషులో నివేదిక రాశాను. ‘సైక్లోన్ హిట్ ల్యాండ్‌ఫాల్’, ‘14 క్యాజువాల్టీస్’, ‘డెత్ టోల్ రోజ్ బై 14’... ఈ మూడింటి కిందా పై అధికారి ఎర్రగీత గీశారు. తప్పెక్కడ?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: మూడోదే అసలు ప్రమాదం. ‘బై’ అంటే అంత పెరిగిందని, ‘టు’ అంటే అంతకు చేరిందని. నిన్నటికి మృతులు 9 మంది, నేటికి మొత్తం 14 అనుకుందాం. అప్పుడు ‘రోజ్ టు 14’ అనాలి, లేదా ‘రోజ్ బై 5’. మీరు రాసినట్టయితే చదివినవారు 9కి 14 కలిపి 23 అనుకుంటారు. జరగని తొమ్మిది మరణాలు కాగితం మీదికి ఎక్కేస్తాయి. పంపేముందు నిన్నటి అంకె పక్కన పెట్టుకుని ఒకసారి కూడి చూడండి.

‘క్యాజువాల్టీస్’లో గాయపడినవారూ ఉంటారు. ఆసుపత్రి క్యాజువాల్టీ వార్డుకు తీసుకెళ్లేది బతికించుకోవడానికే కదా! అందుకే ‘డెడ్’ ఎందరో, ‘ఇంజూర్డ్’ ఎందరో విడిగా రాయండి. ఆచూకీ తెలియనివారు ‘మిస్సింగ్’. మృతి ఖరారయ్యేదాకా వారిని ‘డెడ్’లో కలపకూడదు.

ఇక ల్యాండ్‌ఫాల్. అది ఓడవాళ్ల మాట, దానికి ‘మేక్’ జోడీ. ‘హుద్‌హుద్ మేడ్ ల్యాండ్‌ఫాల్ నియర్ విశాఖపట్నం ఆన్ అక్టోబర్ 12, 2014’ అనాలి. ‘హిట్’ వాడాలనుకుంటే ‘హిట్ ది కోస్ట్’ అనండి. మన ‘తీరం దాటింది’కి సరిగ్గా సరిపోయే ‘క్రాస్డ్ ది కోస్ట్’ను వాతావరణ శాఖే తన బులెటిన్లలో వాడుతుంది. ల్యాండ్‌ఫాల్ అంటే తుపాను కేంద్రం నేలను తాకడం. గాలివాన అంతకు గంటల ముందే మొదలై, తర్వాతా కొనసాగుతుంది. తుపాను కన్ను, అంటే నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం, మన మీదుగా వెళ్లేటప్పుడు గాలి కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. కాబట్టి ల్యాండ్‌ఫాల్ అయిందని ‘ది డేంజర్ ఈజ్ ఓవర్’ అని రాయకండి.

ప్రశ్న: ‘ది ఎపిసెంటర్ వాజ్ 40 కిలోమీటర్స్ డీప్’ అనవచ్చా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: అనకూడదు. ఎపిసెంటర్ నేల పైనే ఉంటుంది. అడుగున రాయి పగిలిన చోటు ‘ఫోకస్’, దానికి నిట్టనిలువుగా పైనున్న బిందువే ఎపిసెంటర్. తెలుగులో రెంటినీ ‘భూకంప కేంద్రం’ అనేస్తాం కాబట్టి ఈ చిక్కు. 2024 డిసెంబరు 4 నాటి ములుగు ప్రకంపనల గురించైతే ‘ఎ మాగ్నిట్యూడ్ 5.3 ఎర్త్‌క్వేక్, ఎట్ ఎ డెప్త్ ఆఫ్ 40 కిలోమీటర్స్, విత్ ఇట్స్ ఎపిసెంటర్ ఇన్ ములుగు డిస్ట్రిక్ట్’ అని రాయండి. లోతు భూకంపానిది, జిల్లా ఎపిసెంటర్‌ది.