తేడా మొక్కల నుంచి తెగులును తట్టుకునే అరటి

ప్రశ్న: టిష్యూ కల్చర్ అరటి మొక్కలన్నీ ఒకే తీరుగా ఉంటాయంటారు. మా జీ-9 తోటలో మాత్రం అక్కడక్కడ పొట్టి మొక్కలు, ఆకుల తీరు మారిన మొక్కలు కనిపిస్తున్నాయి. ఇటువంటి వాటి నుంచే తైవాన్‌లో వడలు తెగులును తట్టుకునే రకాలను రూపొందించారని చదివాను. అదెలా సాధ్యమైంది? మేమూ అటువంటి మొక్కలను ఎంచుకోవచ్చా?
– ఒక రైతు, పులివెందుల

జవాబు: మీరు చదివినది నిజమే. ప్రయోగశాలలో పిలక మొవ్వును కోసి, హార్మోన్లు కలిపిన మాధ్యమంలో మళ్లీ మళ్లీ విభజిస్తూ మొక్కలను పెంచుతారు. ఈ క్రమంలో కొన్ని కణాల జన్యువుల్లో గానీ, ఆ జన్యువులు పనిచేసే తీరులో గానీ మార్పు వస్తుంది. విభజనలు పెరిగినకొద్దీ ఇటువంటి మొక్కలూ పెరుగుతాయి కనుకనే మంచి ప్రయోగశాలలు విభజనల సంఖ్యకు ఒక హద్దు పెట్టుకుంటాయి.

రైతుకు నష్టం తెచ్చే ఈ తేడాయే కొత్త రకాలను రూపొందించే ప్రజనన శాస్త్రవేత్తకు ముడిసరుకు. మీ జీ-9 కూడా చేరే కావెండిష్ అరటి వర్గంలో క్రోమోజోములు జతలుగా (రెండు సమితులుగా) కాక మూడు సమితులుగా ఉండటం వల్ల కాయలో విత్తనం ఏర్పడదు. వరిలో లాగా రెండు రకాలను సంకరపరచి కొత్త రకాన్ని తీయడం ఇందులో దాదాపు అసాధ్యం. అందుకే, దక్షిణ తైవాన్‌లో 1967లో బయటపడిన, నేలలోని ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే వడలు తెగులు కావెండిష్ తోటలను తుడిచిపెడుతున్నప్పుడు, పింగ్‌టుంగ్‌లోని అరటి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు టిష్యూ కల్చర్ మొక్కలను వేల సంఖ్యలో తెగులు బాగా పట్టిన పొలాల్లోనే నాటారు. అత్యధికం చచ్చిపోయాయి. బతికిన కొద్ది మొక్కల సంతతిని మళ్లీ తెగులు నేలలో పరీక్షించి, నిలిచిన వాటికే జీసీటీసీవీ (జెయింట్ కావెండిష్ టిష్యూ కల్చర్ వేరియంట్) అన్న పేరుతో సంఖ్యలు ఇచ్చారు.

అసలు కష్టం ఆ తరువాతే మొదలైంది. తెగులును తట్టుకున్న వాటిలో చాలావాటికి గెల చిన్నది, లేదా కాండం సన్ననిది, లేదా పంటకాలం ఎక్కువ. కాబట్టి వాటిలోనే మరింత మెరుగైన వాటి కోసం మళ్లీ వెతకవలసి వచ్చింది. జీసీటీసీవీ-215 నుంచి ఆ విధంగా ఎంపిక చేసినదే తైచియావో నంబర్ 1. గెల విషయంలో రైతులను ఎక్కువగా మెప్పించిన జీసీటీసీవీ-218ను ఫార్మోసానా అంటారు. ఇది ఫిలిప్పీన్స్ తోటలకూ చేరింది. ఇవి తెగులును ఓర్చుకునేవే తప్ప దానికి పూర్తిగా అతీతమైనవి కావు. శిలీంధ్రం మరీ ఎక్కువగా ఉన్న నేలలో వీటిలోనూ కొన్ని మొక్కలు పోతాయి. నా దృష్టిలో, విత్తనమే లేని పంటలో ఇంతమాత్రం ఓర్పును సాధించడం గొప్ప విజయం.

ఇక మీ తోట సంగతి. పొట్టి మొక్క కేవలం పొట్టి మొక్కే. ఆకారంలోని తేడాకూ తెగులును తట్టుకునే శక్తికీ సంబంధం ఉండాలని లేదు. ఆకులు చిన్నవై, నిటారుగా గుత్తిలా చేరి, కాడ మీద ముదురాకుపచ్చ చారలు కనిపిస్తే అది వెర్రితల తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. ఆ మొక్కను దుంపతో సహా తీసి నాశనం చేయండి.

కావెండిష్‌ను చంపే ఫ్యుజేరియం రకమైన టీఆర్-4 (ట్రాపికల్ రేస్-4) మన దేశంలో బీహార్‌లోని కటిహార్, పూర్ణియా ప్రాంతాల్లో కనిపించింది. ముదురు ఆకులు అంచుల నుంచి పసుపుబారి, తొడిమ దగ్గర విరిగి కాండం చుట్టూ వేలాడితే, కాండాన్ని అడ్డంగా కోసి చూడండి. లోపలి నాళాలు ఎర్రని గోధుమరంగులో ఉంటే వెంటనే ఉద్యానశాఖ అధికారికి తెలపండి. అటువంటి తోటలో పచ్చగా మిగిలిన మొక్కకు నిరోధక శక్తి ఉందనుకుని దాని పిలకలను మరో పొలంలో నాటవద్దు. దాని వేళ్లకు శిలీంధ్రం ఇంకా తగలకపోయి ఉండవచ్చు, లేదా లోపల చేరినా లక్షణాలు బయటపడకపోయి ఉండవచ్చు. ఆ పిలకతో, దానికి అంటిన మట్టితో వెళ్లే శిలీంధ్రం కొత్త నేలలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. దాన్ని నిర్మూలించే మందు లేదు.