ట్రయథ్లాన్ చేసేవాళ్లు విడిగా మారథాన్, బ్రెవే, ఈత పోటీలకు దిగితే ఏం మార్చుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: మీది శ్రీకాకుళం. ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్, అంటే 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు, రెండుసార్లు పూర్తిచేశారు. వచ్చే చలికాలం ఖాళీగా ఉంది కాబట్టి ఒక మారథాన్, ఒక 200 కి.మీ. బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు ప్రయాణం), వీలైతే ఒక మాస్టర్స్ ఈత పోటీ (పెద్దలకు వయసు విభాగాల వారీగా జరిగేది) చేద్దామనుకుంటున్నారు. మూడూ కలిపి చేసినవాడికి ఒక్కొక్కటీ తేలికే కదా అని అడిగారు.

దమ్ముకు తేలికే. కాళ్లకు కాదు. ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది.

సైకిలు మీద, నీళ్లలో పెంచుకున్న దమ్ము పరుగులోనూ పనికొస్తుంది. కానీ ఆ రెండింట్లోనూ నేల దెబ్బ లేదు. పరుగులో అడుగడుగునా ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి. పిక్క, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు, పాదం అడుగు, మోకాలి కింది ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. మామూలుగా కొత్తగా పరుగెత్తేవాడు ఆయాసంతో ముందే ఆగిపోతాడు. ట్రయథ్లాన్ చేసినవాడికి ఆయాసం రాదు. అందుకే ఆగడు, దెబ్బ తెచ్చుకుంటాడు. మారథాన్‌కు మారిన ట్రయథ్లెట్ల గాయాల్లో చాలావాటికి మూలం ఇదే.

పై స్థాయిలో కూడా ఈ మార్పు మాటలతో అయ్యేది కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్ స్వర్ణం గెలిచిన గ్వెన్ జోర్గెన్‌సన్ ఆ తర్వాత పూర్తిగా పరుగుకు మారింది. 2018 షికాగో మారథాన్‌లో 2:36:23కు చేరింది. 2019లో మడమకు శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. పారిస్ 2024 ట్రయథ్లాన్ విజేత అలెక్స్ యీ 2025 లండన్‌లో తొలి మారథాన్ 2:11:08లో పరుగెత్తాడు. కానీ అతనికి అంతకుముందే ట్రాక్ మీద 10,000 మీటర్లలో ఏళ్ల పునాది ఉంది. ఆ పునాది మీకు ఎంత ఉందో చూసుకుని లెక్క వేసుకోవాలి.

మారథాన్ లెక్క ఇలా వేయండి. వారానికి 25 కి.మీ. పరుగెత్తుతున్నారనుకుందాం. 16 వారాలు పెట్టుకోండి. వారానికి 3 కి.మీ. చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించాలి: 25, 28, 31, 21, తర్వాత 34, 37, 40, 28, అలా 14వ వారానికి 55 దగ్గరికి చేరితే చాలు. చివరి రెండు వారాలు తగ్గింపే. మీ ట్రయథ్లాన్ వారంలో పరుగు మూడు రోజులుంటే ఇప్పుడు నాలుగు చేయండి. సైకిలు రెండు రోజులు, ఈత రెండు చిన్న పూటలు. మొత్తం గంటలు పెంచొద్దు, పంచే తీరు మార్చండి. సైకిలు తర్వాత వెంటనే పరుగెత్తే బ్రిక్ సాధన ఈ నాలుగు నెలలూ పూర్తిగా ఆపేయండి. అలిసిన కాళ్లతో పరుగెత్తితే అడుగు పడే తీరు చెడుతుంది, మారథాన్‌కు దానివల్ల వచ్చేదేమీ లేదు.

దీర్ఘ పరుగు 14 కి.మీ. దగ్గర మొదలై 30 దాకా వెళ్లాలి. 26 దాటినవి కనీసం మూడు ఉండాలి. శనివారం లాంగ్ రైడు, ఆదివారం లాంగ్ రన్ అనే ట్రయథ్లాన్ అలవాటును తిప్పేయండి: శనివారం తాజా కాళ్లతో పరుగు, ఆదివారం గంటన్నర తేలిక సైకిలు. వారానికి రెండుసార్లు ఒంటికాలి మీద మడమలెత్తే వ్యాయామం, కాలికి 15 చొప్పున మూడు విడతలు, ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కొంచెం వంచి. ఇది విసుగ్గా ఉంటుంది. అయినా వదలొద్దు. పిక్కలో రెండు కండరాలున్నాయి. మోకాలు వంచినప్పుడు లోపలి కండరానికి ఎక్కువ పని తగులుతుంది, 30వ కిలోమీటరు దాటాక మిమ్మల్ని నిలబెట్టేది అదే. పొద్దున మంచం దిగగానే మడమ వెనక బిగుతుగా ఉండి, పది అడుగుల్లో వదిలేస్తే ఆ రోజు తేలిక సైకిలు చేయండి. నడుస్తున్నా వదలకపోతే మూడు రోజులు పరుగు మానండి. మీకు సైకిలూ ఈతా ఉన్నాయి కాబట్టి దమ్ము పోదు, మామూలు రన్నర్‌కు లేని వెసులుబాటు ఇది.

సైకిలు మీద కొలిచిన హృదయ స్పందన జోన్లు పరుగుకు వాడొద్దు. అంతే శ్రమకు సైకిలు మీద నిమిషానికి 5–10 తక్కువ చూపిస్తుంది, నీళ్లలో ఇంకా తక్కువ. పరుగుకు విడిగా ఒక 30 నిమిషాల పరీక్ష చేసుకోండి.

వేగం విషయంలో ట్రయథ్లెట్లు చేసే తప్పు ఒకటే రకం. మీకు తెలిసిన పరుగంతా సైకిలు దిగాక చేసింది. ఆ అలసటలో కిలోమీటరుకు 5:40 ఎంత బరువుగా అనిపిస్తుందో, తాజా కాళ్లతో 5:10 అంతే అనిపిస్తుంది. అందుకే మొదటి 10 కి.మీ. ఎగిరిపోతారు. విడిగా పరుగెత్తిన హాఫ్ మారథాన్ సమయాన్ని తీసుకోండి. అది 1:50 అయితే, దూరం రెట్టింపైనప్పుడు 2.085తో గుణించే రీగెల్ సూత్రం ప్రకారం మారథాన్ సుమారు 3:49. మొదటిసారి కాబట్టి 10 నిమిషాలు కలిపి 4:00 అనుకోండి, అంటే కిలోమీటరుకు 5:41. మొదటి 5 కి.మీ. 5:50 దగ్గరే ఉంచండి. ట్రయథ్లాన్‌లో తర్వాతి అంకానికి దాచుకునే అలవాటు ఉంటుంది. ఇక్కడ తర్వాత ఏమీ లేదు, కాబట్టి 32 దాటాక ఉన్నదంతా పెట్టేయొచ్చు. అయితే 32 దాకా ఉండాలి.

చిన్న సంగతి ఒకటి. ట్రయథ్లాన్ బూట్లకు వేసుకున్న సాగే లేసులు తీసి మామూలు లేసులు కట్టండి. గంట పరుగుకు అవి సరిపోతాయి, నాలుగు గంటల్లో వదులై పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. సాక్సు లేకుండా 5 కి.మీ. పరుగెత్తే అలవాటుంటే అదీ మానాలి. కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో తడి ఇసుక మీద లాంగ్ రన్ చేయాలని చాలామందికి ఉంటుంది. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది, తొడ బయటి వైపు, మోకాలు పట్టేస్తాయి. వెళ్లినంత దూరం వెనక్కి వస్తే కొంత సరిపోతుంది, అయినా 6–8 కి.మీ. మించొద్దు.

ఇక బ్రెవే. ఇది రేసు కాదు. గడువులోగా పూర్తిచేస్తే చాలు: 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేస్తే సూపర్ రాండనర్ అంటారు. బ్రెవే కార్డు మీద కంట్రోల్ పాయింట్లలో గుర్తు వేయించుకోవాలి, కంట్రోళ్ల మధ్య వెంట కారు పెట్టుకుని సాయం తీసుకోకూడదు. చీకటిపడే దూరాలకు ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి.

ఒలింపిక్ దూరం చేసినవాడికి 200 కి.మీ. శక్తి పరంగా పెద్ద కష్టం కాదు. గంటకు 24 కి.మీ. పోతే సైకిలు మీద 8 గంటల 20 నిమిషాలు, ఆగినవి గంటన్నర కలిపినా పది గంటల్లో అయిపోతుంది. పవర్ మీటర్ ఉంటే ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తిలో) 55–65 శాతం దగ్గర తొక్కండి. చెడేది మూడు చోట్ల: కూర్చునే భంగిమ, తిండి, సైకిలు మరమ్మతు.

ట్రయథ్లాన్ సైకిలు ఉంటే దాన్ని ఇంట్లో ఉంచండి. గుంపుగా బయల్దేరే రోడ్ రేసుల్లో ఏరో బార్లు నిషిద్ధం. బ్రెవేలో నిర్వాహకుల నిబంధన ముందే చదువుకోండి. అనుమతి ఉన్నా మన రోడ్ల మీద మోచేతులు ఆనించి, చేతులు బ్రేకులకు దూరంగా పెట్టి వెళ్లడం ప్రమాదం. ఎన్‌హెచ్ 16 మీద ఎదురుగా తప్పు వైపు వచ్చే బళ్లు, ఊళ్ల దగ్గర కుక్కలు, గేదెలు, వంతెనల అతుకుల దగ్గర గాడులు. కోతల రోజుల్లో సర్వీసు రోడ్ల మీద, లోపలి రోడ్ల మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ గింజల మీద సన్న టైరు గాజు మీద వెళ్లినట్టు జారుతుంది. అక్కడ బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తొక్కడం ఆపి నిటారుగా దాటండి.

ఒంటరిగా తొక్కే అలవాటు వల్ల గుంపులో ముందువాడి చక్రం వెనక నిలకడగా ఉండటం ట్రయథ్లెట్‌కు రాదు. మొదట ఒక మీటరు దూరం, అలవాటయ్యాక అర మీటరు. ముందు చక్రాన్ని అతని వెనక చక్రం పక్కకు పోనివ్వొద్దు. అతను కాస్త కదిలితే పడేది మీరే. ముందుండే వంతు వచ్చినప్పుడు వేగం పెంచకండి, ఉన్న వేగాన్నే రెండు నిమిషాలు పట్టి పక్కకు తప్పుకోండి. గోతిని చేత్తో చూపించండి, నోటితోనూ చెప్పండి.

గాలి లెక్క కూడా ఉంది. శ్రీకాకుళం నుంచి టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్లే హైవే తీరం వెంట ఈశాన్యానికి సాగుతుంది. చలికాలంలో చాలా రోజులు గాలి కూడా ఈశాన్యం నుంచే వస్తుంది. పోయేటప్పుడు ఎదురు గాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. మొదటి సగంలో వేగం చూసి కంగారుపడి బలంగా తొక్కితే రెండో సగంలో వెనక గాలి ఉన్నా వాడుకునే ఓపిక ఉండదు. ఎక్కుడు సాధనకు విజయనగరం వైపు శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఉంది. లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దారి అంతకంటే పైకెక్కి దిగుతుంది. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకుని రావొద్దు, రిమ్ వేడెక్కుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయండి.

టైరు 28 మి.మీ., 70 కిలోల మనిషికి 70 పీఎస్‌ఐ దగ్గర. ట్యూబులు రెండు, ప్యాచీలు, లీవర్లు రెండు, పంపు, మల్టీ టూల్, చైన్ క్విక్ లింక్, మీ ఫ్రేముకు సరిపోయే డీరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క). వీటితోపాటు చిన్న ఇత్తడి ప్రెస్టా అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. దారిలో పంక్చర్ షాపులు ఎన్నో ఉంటాయి, వాళ్ల గాలి గొట్టం మీ సన్న వాల్వుకు పట్టదు. ఈ చిన్న ముక్క ఉంటే పడుతుంది.

తిండికి వస్తే, రెండున్నర గంటల రేసుకు ఎనర్జీ జెల్ సరిపోతుంది, పది గంటలు జెల్ మీద ఉంటే నోరు తిరగబడుతుంది, కడుపు తిప్పుతుంది. గంటకు 50–60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం. మధ్యస్థం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. ఇడ్లీ, పల్లీ పట్టీ, ఉప్పు వేసిన పెరుగన్నం అన్నీ పనికొస్తాయి. చోడి అంబలి బయల్దేరే ముందు రాత్రికి, రైడ్ అయ్యాకకు మంచిది. దారిలో వద్దు, పీచు వల్ల కడుపు బరువెక్కుతుంది. నూనెలో వేయించినవి సగం దూరం దాటేదాకా ముట్టొద్దు.

మంచినీళ్లొకటే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పల్చబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్ల ఉబ్బు దాని గుర్తులు, ఇంకా నీళ్లు తాగితే ముదురుతుంది. ఒక గంట రైడ్‌కు ముందూ వెనకా ఒళ్లు తుడుచుకుని బరువు చూడండి: 0.6 కిలోలు తగ్గి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే మీ చెమట గంటకు 900 మి.లీ. దాంట్లో మూడింట రెండు వంతులు తాగితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లకు కలపాలి, అందులో ఉప్పు 2.6 గ్రాములు. అర లీటరు సీసాలో మొత్తం పొట్లం పోసేయొద్దు. తియ్యటి జ్యూస్ డబ్బాలు దానికి బదులు కావు.

ఈత గురించి తక్కువే చెప్తాను. మన సముద్రం గోరువెచ్చన కాబట్టి ట్రయథ్లాన్‌లో వెట్‌సూట్ (తేలడానికి తోడ్పడే రబ్బరు దుస్తులు) ఆసరా మీకు ఎలాగూ లేదు, అది మేలే. కొలనులో మీరు కోల్పోయేది మలుపుల దగ్గర. 25 మీటర్ల కొలనులో 1500 మీటర్లకు 59 మలుపులు, ఒక్కోదానికి అర సెకను పోయినా అర నిమిషం. వారానికి ఒక పూట పది నిమిషాలు మలుపులొక్కటే చేయండి. 400 లోపు పోటీలకు కాళ్లు దాచుకునే రెండు తన్నుల ఈత చాలదు, ఆరు తన్నుల కిక్ కావాలి. బ్లాక్ మీంచి దూకడం రాకపోతే మాస్టర్స్ నిబంధనల్లో గోడ పట్టుకుని నీళ్లలోంచి మొదలుపెట్టే వీలుంది, ముందే రెఫరీకి చెప్పండి. సాధన కోసం కళింగపట్నంలో సముద్రంలోకి ఒంటరిగా దిగొద్దు, వంశధార కలిసే చోట ప్రవాహాలు మారుతూ ఉంటాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయే చాలాసార్లు లోపలికి లాగేది. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంట పక్కకు ఈది బయటపడాలి.

వరుస ఎలా అంటే, అక్టోబరు తుపాన్లు తగ్గాక నవంబరులో బ్రెవే, జనవరి చివర లేదా ఫిబ్రవరిలో మారథాన్. బ్రెవేకూ మారథాన్‌కూ మధ్య కనీసం ఆరు వారాలు ఉండాలి. ఈత పోటీ మారథాన్‌కు పది రోజుల ముందున్నా ఇబ్బంది లేదు. విశాఖ నేవీ మారథాన్ లాంటివి చలికాలం మొదట్లోనే వస్తాయి, ఆ రోజు మీరు 21 కి.మీ. విభాగం పరుగెత్తితే పైన చెప్పిన లెక్కకు కావలసిన సమయం దొరుకుతుంది.

మారథాన్ అయ్యాక మూడో రోజు నుంచి తేలిక ఈత, సైకిలు. పరుగు రెండు వారాల తర్వాతే. నాలుగో వారంలో 40 నిమిషాల సైకిలు, వెంటనే 10 నిమిషాల పరుగుతో బ్రిక్ మళ్లీ మొదలుపెట్టండి. ఈ నెలలన్నీ వారానికి ఒక్కసారైనా 8 నిమిషాల గట్టి విడతలు నాలుగు సైకిలు మీద చేసి ఉంటే కాళ్ల బలం పెద్దగా పోదు. ముందుగా పోయేది నీటి మీద పట్టు, అందుకే వారానికి గంట ఈత ఒకేసారి కాకుండా అరగంట చొప్పున రెండుసార్లు చేయమన్నాను.