ఆదివారం సేవకు రాకపోతే సెలవు కోయొచ్చా? జీతంలో విరాళం పట్టుకోవచ్చా?

ప్రశ్న: మడికొండ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కిందటి అక్టోబరు ఆఖర్లో మొంథా తుపానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు, బాధితుల కోసమని నవంబరు జీతంలో అందరికీ ఒకరోజు వేతనం పట్టుకున్నారు. ‘అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రవారంలోగా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, పెట్టకపోతే ఒప్పుకున్నట్టే’ అన్నారు. ఎవరూ పెట్టలేదు. డిసెంబరు నుంచి నెలనెలా 300 రూపాయలు ‘సేవానిధి’ అని కోస్తున్నారు. అది యాజమాన్యం పెట్టిన ట్రస్టుకు పోతుందట. రసీదు అడిగితే ఇవ్వడం లేదు. నెలకు రెండు ఆదివారాలు సేవకు రావాలని రూల్ పెట్టారు. రాకపోతే ఒక క్యాజువల్ లీవు కోస్తారు, అప్రైజల్‌లో మార్కులు తగ్గిస్తారు. మేడారం జాతర అయ్యాక చెత్త ఏరడానికి కంపెనీ బస్సులో తీసుకెళ్లారు. అక్కడ మాతో పనిచేసే ఒకామె జారిపడితే చెయ్యి విరిగింది. ‘మీ ఇష్టంతో వచ్చారు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. సేవ చేయడం నాకు ఇష్టమే సార్. కానీ ఈ పద్ధతి నచ్చలేదు. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: సేవ ఇష్టమేనని చెప్పుకుంటూ మీరు మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటం అక్కర్లేదు. మీరు అడిగినవాటిలో ఒక్క అప్రైజల్ సంగతి తప్ప మిగతా అన్నింటిలో చట్టం మీ వైపే ఉంది.

ముందు జీతం కోత. 2025 నవంబరు 21 నుంచి దేశమంతా కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్, 2019 ఒకటి. జీతంలోంచి ఏమేం కోయవచ్చో దాని 18వ సెక్షన్‌లో జాబితా ఉంది. పీఎఫ్, ఆదాయపు పన్ను, తీసుకున్న అడ్వాన్సు, హాజరుకాని రోజుల జీతం, కోర్టు ఉత్తర్వు, ఇలాంటివి. ఆ జాబితాలో లేనిదాన్ని యజమాని కోయకూడదు. విరాళం మాట కూడా అందులో ఉంది, కానీ చాలా ఇరుకుగా ఉంది: ఉద్యోగి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి, లేదా కేంద్రం నోటిఫై చేసిన మరో నిధికి కోయవచ్చు. అంతవరకే. యాజమాన్యం పెట్టుకున్న ట్రస్టు ఆ కోవలోకి రాదు. కాబట్టి మీరు సంతకం పెట్టి ఇచ్చినా సరే, ఆ ట్రస్టు కోసం జీతంలోంచి కోయడం నా దృష్టిలో నిలవదు. ఇవ్వాలనుకున్నవాళ్లు జీతం మొత్తం అందుకున్నాక తమ ఖాతా నుంచి తామే పంపుకోవాలి.

ఇది తెలిసిన కొన్ని కంపెనీలు ఇంకో దారి పడతాయి. పే స్లిప్‌లో కోత చూపించరు. జీతం పడగానే హెచ్‌ఆర్ వాళ్ల నంబరుకు ఫోన్‌పే చేయమంటారు. అదీ కుదరదు. ఉద్యోగి యజమానికి గానీ, అతని తరఫు మనిషికి గానీ కట్టే ప్రతి రూపాయీ జీతంలో కోతగానే లెక్క అని అదే సెక్షన్ వివరణలో రాశారు.

పాత 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఇంచుమించు ఇదే రక్షణ ఉండేది. అయితే నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకే అది వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి తీసేశారు. మీ టీమ్ లీడర్‌కూ మేనేజర్‌కూ కూడా ఇప్పుడు ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఈ సంగతి వాళ్లకూ చెప్పండి, ఎందుకంటే కోత వాళ్లకూ పడుతోంది.

ఇక ఆ మెయిల్. జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే అంటే చట్టం అడిగే రాతపూర్వక అనుమతి కాదు. మీరేమీ రాయలేదు కదా, రాత ఎక్కడిది? ఈ సందర్భంలో 2018 నాటి కేరళ వ్యవహారం గుర్తుకు వస్తుంది. వరదల తర్వాత అక్కడి ప్రభుత్వం ఉద్యోగుల్ని ఒక నెల జీతం ఇవ్వమని కోరింది. ఇవ్వలేనివాళ్లు ‘ఇవ్వలేను’ అని రాసివ్వాలని షరతు పెట్టింది. హైకోర్టు ఆ షరతును నిలిపేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినా ఆ అక్టోబరులో అక్కడా ఊరట దొరకలేదు. అది ప్రభుత్వ ఉద్యోగుల కేసు, మీ కంపెనీకి నేరుగా వర్తించదు. అయినా ఇవ్వలేనివాడు నలుగురిలో ఆ మాట రాసి బయటపెట్టుకోవాలనడం అవమానమేనన్న ఆలోచన ఎక్కడైనా ఒకటే. ఇంట్లో ఎవరి ఆసుపత్రి ఖర్చులు ఎంతున్నాయో, ఎవరి ఇల్లు అదే వానలో మునిగిందో హెచ్‌ఆర్‌కు చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. మీ ఆఫీసులో పనిచేసేవాళ్లలోనే వరద బాధితులు ఉండి ఉంటారు. వాళ్ల జీతంలోంచే వరద విరాళం కోసినట్టయింది.

రసీదు విషయం. మీ డబ్బుకు రసీదు మీ పేరు మీద, మీ పాన్ నంబరుతో రావాలి. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టయితే విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. అందరి కోతలూ కలిపి కంపెనీ తన పేరున ట్రస్టుకు జమ చేస్తే దాత కంపెనీ అవుతుంది, మీకు ఏమీ మిగలదు. అయితే పన్ను మినహాయింపు కోసమే పట్టుబట్టకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జీ మినహాయింపు లేదు, పాత విధానంలో ఉంటేనే పనికొస్తుంది. రసీదు అడగాల్సింది డబ్బు ఎటు పోయిందో తెలియడానికి.

ఎటు పోయిందన్న ప్రశ్న వచ్చింది కాబట్టి సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, గురించీ చెప్పాలి. కంపెనీల చట్టం, 2013లో 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ భారం కంపెనీది. ఉద్యోగుల జీతాల్లోంచి పోగుచేసింది ఆ 2 శాతంలో చూపించడానికి వీల్లేదు. ఉద్యోగులు సేవలో గడిపిన గంటలకు వెల కట్టి కలపడమూ కుదరదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఎప్పుడో స్పష్టం చేసింది. మీ కంపెనీ ఈ పరిధిలో ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. ఉంటే, వెబ్‌సైటులో సీఎస్‌ఆర్ విధానం, ఆమోదించిన ప్రాజెక్టులు పెట్టి తీరాలి. కంపెనీ దాఖలు చేసిన వార్షిక నివేదికను మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. అందులో మీరు చెత్త ఏరిన మేడారం కార్యక్రమమూ, మీ సేవానిధీ కంపెనీ ఖర్చుగా కనిపిస్తే హైదరాబాద్‌లోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కనబడకముందే ఆరోపణ చేయవద్దు.

ఆదివారాల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. వెట్టిచాకిరీ మీద జనం తిరగబడిన నేల మనది కాబట్టి ఆ మాటను తేలిగ్గా వాడడం నాకు ఇష్టం ఉండదు. బలవంతపు చాకిరీని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. పేదరికం వల్ల కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయాల్సి రావడం కూడా బలవంతమేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆదివారాలను నేరుగా ఆ కింద పెట్టి కోర్టుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను. అంతకన్నా సులువైన దారి ఉంది. హాజరు పట్టీ ఉంది, బస్సు ఉంది, అజమాయిషీ చేసే మేనేజర్ ఉన్నాడు, రాకపోతే శిక్ష ఉంది. ఇవన్నీ ఉన్నప్పుడు దానికి సేవ అని పేరు పెట్టినా అది డ్యూటీయే. డ్యూటీ అయితే వారపు సెలవు రోజున పనిచేయించినందుకు బదులు సెలవు ఇవ్వాలి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు రేటున ఓవర్‌టైమ్ కట్టాలి. ఐటీ కంపెనీలకు మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం నుంచి కొన్ని మినహాయింపులు ఇస్తూ వచ్చారు. అయినా వారానికి 48 గంటలు, ఒక సెలవు అన్న షరతులు వాళ్లకూ ఉన్నాయి. మరి డ్యూటీ కాదు, నిజంగా సేవే అంటారా? అప్పుడు రాలేదని లీవు కోయడానికి ఆధారమే లేదు. కంపెనీ ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోగలదు. మీరు రాతలో అడగాల్సింది కూడా ఇదే.

అప్రైజల్ దగ్గర మాత్రం మీ చెయ్యి కొంత బలహీనం. సరైన కారణంతో ఇంక్రిమెంటో ప్రమోషనో ఆపితే దాన్ని జీతం కోతగా లెక్కించరు. సేవా మార్కులు సరైన కారణమా కాదా అని వాదించవచ్చు, కానీ అది పొడుగు వ్యవహారం. దాన్ని ఇప్పుడే తలకెత్తుకోకండి.

మీ సహోద్యోగిని విషయం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. కంపెనీ రమ్మంది, కంపెనీ బస్సులో వెళ్లింది, కంపెనీ చెప్పిన పని చేస్తూ పడింది. పనిలో భాగంగా, పని కారణంగా జరిగిన ప్రమాదం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? రాకపోతే లీవు కోస్తామన్న ఆ రూలే ఆమెకు పెద్ద సాక్ష్యం. ఆమె జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతుంటే, ప్రమాద నివేదిక ఈఎస్‌ఐకి పంపాల్సిన బాధ్యత కంపెనీది. వైద్యం ఉచితం. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో దాదాపు 90 శాతం భత్యంగా వస్తుంది. ఈఎస్‌ఐ లేకపోతే నష్టపరిహారం యజమానే ఇవ్వాలి. బస్సు ఎక్కేముందు ‘నా సొంత బాధ్యత మీద వస్తున్నాను’ అని సంతకం పెట్టించుకుని ఉంటారు, సాధారణంగా అలాగే చేస్తారు. పరిహారం హక్కును వదులుకుంటూ రాసిచ్చిన ఏ కాగితమూ చెల్లదు. ఆ సంతకం చూసి ఆమె భయపడాల్సింది లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. నవంబరు నుంచి పే స్లిప్‌లు అన్నీ దగ్గర పెట్టుకోండి. ‘ఇతర కోతలు’ అన్న వరుసలో కలిపేసి ఉంటే వివరం అడగండి. శుక్రవారం మెయిల్, సేవా హాజరు మెసేజ్‌లు, లీవు కోసిన స్క్రీన్ సొంత ఫోన్‌లో భద్రపరచండి. ఆఫీసు మెయిల్ ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. ఆ తర్వాత హెచ్‌ఆర్‌కు మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి: ‘నా జీతంలోంచి సేవానిధికి కోయడానికి నేను రాతపూర్వక అనుమతి ఇవ్వలేదు. వచ్చే నెల నుంచి ఆ కోత ఆపగలరు. ఇప్పటివరకు కోసిన మొత్తం తిరిగి ఇవ్వగలరు, లేదా నా పేరున రసీదు ఇప్పించగలరు. ఆదివారం కార్యక్రమాలు డ్యూటీ కిందకు వస్తాయో రావో రాతపూర్వకంగా తెలపగలరు.’ కోపం మాటలు వద్దు, చట్టం నంబర్లు కూడా మొదటి ఉత్తరంలో వద్దు. పదిమంది కలిసి సంతకాలు పెడితే మరీ మంచిది.

వాళ్లు దిగిరాకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర ఫిర్యాదు పెట్టండి. వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అధికారి కోసిన డబ్బు ఇప్పించడంతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం కూడా వేయగలరు. కోత సక్రమమేనని రుజువు చేసుకోవాల్సిన భారం 59వ సెక్షన్ ప్రకారం యజమానిదే. మీకు పోయింది కొన్ని వందలు, ఒకరోజు జీతం కావచ్చు. కంపెనీ మొత్తానికి అదెంతవుతుందో వాళ్లకు తెలుసు. అందుకే చాలాసార్లు నోటీసు దశలోనే దారికి వస్తారు.

ఉద్యోగం పోతుందన్న భయం సహజం. నాలుగేళ్ల సర్వీసు ఉన్న మిమ్మల్ని దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం సహేతుకమైన కారణం లేకుండా తీసేయకూడదు. కారణం ఉన్నా సాధారణంగా నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. తీసేస్తే అప్పీలుకు వెళ్లవచ్చు. రాతలో అడిగి ఉంటే, అడిగినందుకే తీసేశారని చూపించడం తేలిక. నోటిమాటగా అడిగితే ఆ ఆధారం ఉండదు.

కంపెనీకి నిజంగా సేవ మీద మనసుంటే మార్గాలు లేకపోలేదు. ఏడాదికి కొన్ని రోజులు జీతంతో కూడిన సేవా సెలవు ఇవ్వవచ్చు. ఉద్యోగి సొంతంగా ఎంత ఇస్తే కంపెనీ తన లాభంలోంచి అంత కలపవచ్చు. ఎక్కడ సేవ చేయాలో ఉద్యోగినే ఎంచుకోనివ్వవచ్చు, అది ఎంజీఎం ఆసుపత్రిలో రోగులకు అన్నం పెట్టడమైనా, ఊళ్లో బడిపిల్లలకు లెక్కలు చెప్పడమైనా. మీ ఉత్తరం చివర ఈ సూచనలు కూడా రాయండి. మీరు సేవకు వ్యతిరేకి కాదని కాగితం మీద ఉండడం తర్వాత పనికొస్తుంది.

ముందు మాత్రం చెయ్యి విరిగిన మీ సహోద్యోగిని పని చూడండి. ప్రమాదం నివేదిక ఆలస్యమైన కొద్దీ కేసు పలచబడుతుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను పెడుతుంది. కోర్టు ప్రాంగణంలోని ఆ కార్యాలయానికి ఎక్స్‌రే, ఆసుపత్రి కాగితాలు, బస్సు ఎక్కమన్న మెసేజ్ తీసుకుని వెళ్లమనండి. వెళ్లలేని స్థితిలో ఉంటే ఇంటి నుంచే 15100కు ఫోన్ చేయవచ్చు.